ఘాట్ దిగే ఆ అరగంట డ్రైవరుకు వదిలేయండి

కడప, కర్నూలు, అనంతపురం వైపు లారీ యజమానులకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను కడపలో లారీలకు బ్రేకు పని చేసే మెకానిక్‌ను. షెడ్డు పెట్టకముందు క్లీనరుగా ఎక్కి, తర్వాత డ్రైవరుగా చాలా ఏళ్లు బాడుగలకు తిరిగినవాణ్ణి. ఈ ఉత్తరం కలెక్టరుకో మంత్రికో రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, రోడ్డు వెడల్పు చేయడం, కొండకు సొరంగం కొట్టడం వాళ్ల పని. అది ఎప్పటికి అవుతుందో అప్పటికి అవుతుంది. నేను అడగబోయేవి మాత్రం రేపు లోడయ్యే బండి నుంచే మీ చేతిలో ఉన్నాయి.

రాయచోటి, కడప మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్‌లో లారీ పడిన ప్రతిసారీ మరుసటి రోజు పేపర్లో ఒకే మాట చదువుతాం: బ్రేకులు ఫెయిలై అదుపు తప్పింది. చదివినవాళ్లు ఏమనుకుంటారు? బాగున్న బ్రేకు ఉన్నట్టుండి పోయింది, దానికి ఎవరేం చేస్తారు అనుకుంటారు. నా షెడ్డుకు వచ్చే బ్రేకు డ్రమ్ములను (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలను) చూస్తే అలా అనిపించదు. నీలం రంగు తిరిగిన డ్రమ్ము, లోపల వెంట్రుకల్లాంటి పగుళ్లు, అద్దంలా నున్నగా మెరిసే లైనరు (డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని ఆపే పట్టీ), కరిగి కారిపోయిన హబ్బు గ్రీజు. ఇదంతా ఒక్క మలుపులో జరిగేది కాదు. కొండ మీద వేసుకున్న గేరుతో, అంతకుముందు ఎక్కించిన లోడుతో, ఎప్పటినుంచో పని చేయని ఎగ్జాస్ట్ బ్రేకుతో (ఇంజను పొగను అడ్డుకుని బండిని నెమ్మది చేసేది), చెవిలో మోగే ఫోనుతో ఆ బ్రేకు కొండ పైనే పోయింది. కింద మలుపు దగ్గర మనకు తెలిసింది, అంతే.

ఇది మీలో కొందరికి తెలిసిన విషయమే అయినా వివరంగా చెప్పనివ్వండి. లారీ కొని నడిపించేవాళ్లు అందరూ స్టీరింగు పట్టినవాళ్లు కాదు కదా.

చిత్తూరు, పీలేరు వైపు నుంచి హైదరాబాదుకు పోయే సరుకు చాలావరకు 40వ నంబరు జాతీయ రహదారి మీద రాయచోటి దాటి ఈ ఘాట్ దిగి కడపకు వస్తుంది. పది టైర్ల లారీ ఒకటి లోడుతో దిగుతోంది అనుకోండి. సరుకుతో కలిపి దానికి చట్టం ఒప్పుకున్న బరువు 28.5 టన్నులు. 2018లో 25 టన్నుల నుంచి పెంచిన లెక్క ఇది. అంత బరువు నిలువు ఎత్తులో 100 మీటర్లు కిందికి వస్తే పుట్టే శక్తి దాదాపు 28 మెగాజౌల్స్. అంటే 90 లీటర్లకు పైగా చన్నీళ్లను కళపెళ మరిగించేంత వేడి. బండి ఎంత మంచిదైనా, డ్రైవరు ఎంత గట్టివాడైనా ఆ వేడి పుట్టి తీరుతుంది. దాన్ని ఎక్కడికి పంపుతాం అన్నదొక్కటే మన చేతిలో ఉంది. ఇంజనుకు అప్పజెబితే సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా గాలిలోకి పోతుంది. బ్రేకులకు అప్పజెబితే గాలి సరిగా ఆడని డ్రమ్ముల్లోనే నిలిచిపోతుంది.

డ్రమ్ము వేడెక్కితే ఏమవుతుంది? ఇనుము కాబట్టి సాగుతుంది. 300 డిగ్రీల వేడి పెరిగితే పెద్ద లారీ డ్రమ్ము వ్యాసం ఒక మిల్లీమీటరుకు పైనే పెరుగుతుంది. డ్రమ్ము లైనరుకు దూరం జరుగుతుంది. ఆ ఖాళీ నింపడానికి బ్రేకు బూస్టరు (గాలి ఒత్తిడితో బ్రేకును నెట్టే డబ్బా) రాడ్డు ఇంకా ముందుకు రావాలి. ఆ రాడ్డును బ్రేకుకు కలిపి ఖాళీని సరిచేసే స్లాక్ అడ్జస్టరు ముందే లూజుగా ఉందంటే రాడ్డు చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. డ్రైవరు పెడలు మీద నిలబడి తొక్కినా ఇక లాభం ఉండదు. పైగా లైనరు మాడితే దాని పట్టు కూడా తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. గాలి గేజీ మాత్రం ముల్లు పైనే చూపిస్తుంటుంది, అన్నీ బాగున్నట్టే.

మరో సంగతి. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు పోయినప్పుడు బ్రేకు చూస్తారు. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. అక్కడ చూసేది చల్లగా ఉన్న డ్రమ్మును, చాలాసార్లు ఖాళీ బండిని. ఘాట్‌లో పని చేయాల్సింది కాలిపోతున్న డ్రమ్ము, నిండు లోడుతో. ఎఫ్‌సీ ఉంది కాబట్టి నా బండి భద్రం అనుకునే ఓనర్లు ఈ తేడా ఒకసారి ఆలోచించాలి.

కాబట్టి దిగడం అంటే అసలు పని కొండ మీదే. దిగుడు మొదలయ్యే ముందే బండిని బాగా నెమ్మది చేసి, తగిన చిన్న గేరులో వేసుకుని, ఎగ్జాస్ట్ బ్రేకు ఆన్ చేసుకుని దిగాలి. సగం దిగాక వేగం పెరిగింది, ఇప్పుడు గేరు దించుదాం అంటే పడదు. ఉన్న గేరు ఊడుతుంది, కింది గేరు పట్టదు, బండి న్యూట్రల్‌లో మిగులుతుంది. ఘాట్‌లలో బండ్లు చేయి దాటిపోయేది చాలాసార్లు ఇక్కడే.

ఎక్కిన గేరులోనే దిగు అని మా గురువులు చెప్పేవారు. పాత బండ్లకు అది సరిపోయింది. ఇప్పుడు 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లు బలమైనవి, ఎక్కేటప్పుడు పెద్ద గేరులోనే సులువుగా లాగేస్తాయి. అదే గేరులో దిగితే ఇంజను పట్టదు. ఇంకొకటి, కడప నుంచి ఖాళీగా ఎక్కిన బండి తిరుగు ప్రయాణంలో నిండు లోడుతో దిగుతుంది. ఖాళీ బండి ఎక్కిన గేరును లోడు బండికి కొలతగా పెట్టుకోకూడదు. ఒకటి రెండు గేర్లు కిందికే వేసుకోవాలి. బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి దాదాపు ఒకే వేగంలో పోతుంటే అది సరైన గేరు.

అయినా మధ్య మధ్య బ్రేకు తొక్కక తప్పదు. అది కూడా ఒక పద్ధతిలో తొక్కాలి. మన డ్రైవర్లలో చాలామంది పెడలు మీద కాలు అలాగే ఉంచి మెల్లగా నొక్కుతూ దిగుతారు, లోడు కదలకుండా ఉంటుందని. అలా సన్నగా నొక్కినప్పుడు అన్ని చక్రాలూ సమానంగా పట్టవు. ముందుగా అందుకునే రెండు మూడు చక్రాలే బరువంతా మోసి మాడిపోతాయి, మిగతావి ఊరికే తిరుగుతుంటాయి. గట్టిగా ఒకసారి తొక్కితే అన్నీ పంచుకుంటాయి. ఉదాహరణకు 25 వేగంలో దిగాలనుకుంటే, ముల్లు 25 తాకగానే ఒక మూడు సెకన్లు గట్టిగా తొక్కి 17కో 18కో దించి, కాలు పూర్తిగా తీసేయాలి. మళ్లీ 25కు వచ్చినప్పుడు మళ్లీ అలాగే. ఊరికే టపటపా కొట్టకూడదు, ట్యాంకులో గాలి అయిపోతుంది. మాటిమాటికీ 25 దాటిపోతోందంటే గేరు పెద్దదని అర్థం. పెడలు మెత్తబడినా, కమురు వాసన తగిలినా బండి ఇంకా చేతిలో ఉండగానే ఆపి చల్లారనివ్వాలి. ఆపినప్పుడు డ్రమ్ముల మీద నీళ్లు చల్లించకండి, పగుళ్లిస్తాయి. చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లను కదిలేటప్పుడు క్లీనరు చేత తీయించండి. రోడ్డు మీద వదిలేసిన ఆ రాళ్లకు రాత్రిపూట ఎంతమంది మోటారు సైకిళ్ల వాళ్లు పడుతుంటారో మనందరికీ తెలుసు.

ఇవన్నీ డ్రైవరుకు చెప్పాల్సినవి కదా, మాకెందుకు చెబుతున్నావు అంటారేమో. అక్కడికే వస్తున్నాను. పైన చెప్పినట్టు దిగాలంటే డ్రైవరుకు సమయం కావాలి, తగిన లోడు కావాలి, పని చేసే బండి కావాలి, నిద్ర కావాలి. ఈ నాలుగింటిలో ఒక్కటీ అతని చేతిలో లేదు. అన్నీ మీ చేతిలోనే ఉన్నాయి.

ముందు ఫోను సంగతి. బండి కొండ దిగుతుండగా ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ‘యాడికొచ్చినావ్? ఇంకా గువ్వలచెరువు దాటలేదా? ముందు పోయిన బండి అప్పుడే మైదుకూరు దాటిందంట.’ ఈ మాటలు నేను స్టీరింగు పట్టుకుని విన్నాను, ఇప్పుడు నా షెడ్డులో టీ తాగుతూ మాట్లాడే కుర్రాళ్ల నోట కూడా వింటున్నాను. అంత మాట విన్న మనిషి కాలు దానంతటదే బ్రేకు మీద నుంచి లేస్తుంది. ఇప్పుడు మీ బండ్లకు జీపీఎస్ ఉంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు బండి ఎక్కడుందో కనిపిస్తూనే ఉంది. బండి ఘాట్‌లో ఉన్నంతసేపు ఆ నంబరుకు ఎవరూ ఫోను చేయకూడదని ఆఫీసులో ఒక కట్టుబాటు పెట్టండి. సరుకు దించుకునే పార్టీ తొందర పెడితే జవాబు మీరు చెప్పండి, డ్రైవరు చేత చెప్పించకండి. ఆలస్యమైందని బత్తాలో కోత పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఘాట్ దారి బండ్లకైనా అది మానుకోవాలి.

రెండోది మైలేజీ ఇనాము. డీజిలు మిగిలిస్తే డ్రైవరుకు ఇంత అని ఇస్తారు. మంచి ఆలోచనే. కానీ ఆ డబ్బు కోసం డ్రైవరు మొదట చేసే పని దిగుడులో న్యూట్రల్ కొట్టడం. దీనికి జవాబు ఇంజనులోనే ఉంది. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే దిగుడులో కంప్యూటరు డీజిలును పూర్తిగా ఆపేస్తుంది. ఇంజనును తిప్పేది కొండే. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండడానికి డీజిలు పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లో డీజిలు మిగలకపోగా ఇంకా ఖర్చవుతుంది. ఇది మీ డ్రైవర్లకు మీరే చెప్పాలి. మేం చెబితే ‘ఓనరు ఇనాము ఇస్తాడు, నువ్విస్తావా అన్నా’ అంటారు. ఘాట్ కిలోమీటర్లను మైలేజీ లెక్కలోంచి తీసేస్తే ఇంకా మేలు.

44వ నంబరు రహదారి మీద బెంగళూరు దాటి సేలం వైపు పోయే అనంతపురం, కర్నూలు బండ్ల వాళ్లకు ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాట్ తెలుసు. న్యూట్రల్‌లో దిగిన లారీ ముందున్న నాలుగైదు బండ్లను ఎలా నలిపేస్తుందో అక్కడ చూసి వచ్చినవాళ్లు మీ దగ్గరే పని చేస్తున్నారు. ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి.

లోడు గురించి కొత్తగా చెప్పేదేముంది? తాడిపత్రి బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, మంగంపేట ముగ్గురాయి, ఎర్రగుంట్ల సిమెంటు, మన సీమలో దొరికేదంతా బరువే. చూడటానికి బాడీలో సగం కూడా నిండదు, కాటా మీద మాత్రం ముల్లు దాటేస్తుంది. ఓవర్‌లోడుకు 20 వేల రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు అని 2019లో చట్టం మార్చారు. ఆ జరిమానాను కూడా బాడుగ లెక్కలో కలుపుకుని నడిపేవాళ్లు ఉన్నారు. నేను ఒక్కటే అంటాను. బల్లపరుపు రోడ్డు మీద ఆరేడు టన్నులు ఎక్కువైతే టైర్లు అరుగుతాయి, కమాను విరుగుతుంది, అది మీ డబ్బు. ఘాట్‌లో ఆరేడు టన్నులు ఎక్కువైతే ఆ వేడి కూడా అంత ఎక్కువ, అది ఎదురుగా వచ్చే కారులో కూర్చున్నవాళ్ల ప్రాణం. ఈ ఘాట్‌లో కార్ల మీద లారీలు పడి ఇంటిల్లిపాదీ పోయిన వార్తలు ఈమధ్య కాలంలోనే చదివాం.

ఇక నా పనికి సంబంధించింది. ఇక్కడ కొంచెం కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. లైనరు అరిగిందంటే ఒక చక్రానికే మార్చు, రెండోది వచ్చే ట్రిప్పుకు చూద్దాం అంటారు. ఒకే ఇరుసుకు ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు తొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది. తడి రోడ్డు మీద మలుపులో అది చాలు. బూస్టరు లీకైతే ఆ చక్రానికి పోయే గాలి పైపు మడిచి కట్టేసి, ఇంటికొచ్చాక చేయిద్దాం అంటారు. ఆరు బ్రేకుల బండి ఐదింటితో దిగుతుంది, ఆ ఆరో దాని వేడి కూడా మిగతా ఐదే మోయాలి. ఇక ఎగ్జాస్ట్ బ్రేకు. దాని వాల్వు మసి పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, వైరు తెగి ఉంటుంది, నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. అది లేకపోయినా బండి నడుస్తుంది, లోడు దిగుతుంది, బాడుగ వస్తుంది. దిగుడులో ఇంజను చేత ఎక్కువ పని చేయించే వస్తువు మాత్రం అదే. చాలాసార్లు విప్పి కడిగి బిగిస్తే సరిపోయే పని. దానికయ్యే ఖర్చు ఒక టైరు ధరలో చిన్న ముక్క. ఘాట్ దారిలో తిరిగే బండికి ఎగ్జాస్ట్ బ్రేకు పని చేయకపోతే లోడు ఎక్కించకండి. నా మాట నమ్మకపోతే మీ నమ్మకమైన మెకానిక్‌ను అడగండి.

నిద్ర గురించి రెండు మాటలే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని చెప్పింది. మన దగ్గర అది ఎలా అమలైందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనీసం తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్యలో లోడు బండి ఘాట్ మీదికి రాకుండా బయలుదేరే సమయం మార్చండి. రెండో డ్రైవరును తీసేసి ఆ జీతం మిగుల్చుకోవడం ఈ దారుల్లో లాభం కాదు.

ప్రమాదం జరిగాక కేసు ఎవరి మీద పడుతుందో చూడండి. నిర్లక్ష్యంతో ప్రాణం తీశారనే సెక్షన్ అది, పాత ఐపీసీలో 304-ఏ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 106. డ్రైవరు బతికి ఉంటే అతని మీదే. లోడు ఎక్కించినవాళ్ల పేరు, ఫోను చేసినవాళ్ల పేరు, గాలి పైపు మడిచి పంపమన్నవాళ్ల పేరు ఆ కాగితంలో కనిపించడం అరుదు. అందుకే ఇది చట్టానికి వదిలేసే విషయం కాదని మీకు రాస్తున్నాను.

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారి, ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారి గురించి కూడా ఒక మాట. అక్కడ అడవి, రోడ్డు ఇరుకు, ఒక బండి ఆగిందంటే అటూ ఇటూ గంటల తరబడి నిలిచిపోవాలి. ఇరుకు కొండ దారిలో దిగే బండే ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని నిబంధన ఉంది. మన డ్రైవర్లలో సగం మంది దీన్ని తిరగేసి అనుకుంటారు. కార్లలో వచ్చేవాళ్లకు కూడా ఒక విన్నపం: కోతులకు అరటిపండ్లు వేయడానికి మలుపుల్లో బండి ఆపకండి, నెమ్మదిగా దిగే లారీ వెనక హారను కొట్టకండి. అతను నెమ్మదిగా దిగుతున్నాడంటే మీ కోసం కూడానే.

హైవే అధికారులను అడగాల్సినవి కూడా ఉన్నాయి. దిగుడులో పక్కకు ఎత్తుగా ఎక్కే దారి తీసి, అందులో గుండ్రటి కంకర లోతుగా పోస్తే బ్రేకు పోయిన బండి అందులో కూరుకుని ఆగుతుంది. కొండలున్న చాలా దేశాల్లో ఉన్న ఏర్పాటే ఇది. ‘ఇక్కడ గేరు దించండి’ అనే బోర్డు దిగుడు మొదలయ్యే ముందే, తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీలో కావాలి. మీ సంఘాలు కలిసి అడిగితే నా ఒక్కడి అర్జీ కంటే ఎక్కువ పని జరుగుతుంది.

కొండ మీద బండి ఆపి చూసుకోవడానికి వేరే ఏర్పాటు వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు. గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ల దగ్గర బండ్లు ఎలాగూ ఆగుతాయి. అక్కడ రోడ్డు దిగి పక్కన ఆపి, క్లీనరు ఒకసారి చుట్టూ తిరిగి డ్రమ్ముల దగ్గర అరచేయి దూరంగా పెట్టి వేడి చూసుకోవడం, గాలి లీకు శబ్దం వినడం, గేజీ చూసుకోవడం, గేరు నిర్ణయించుకోవడం, ఆఫీసుకు ‘దిగుతున్నాం’ అని ఒక మెసేజి పెట్టడం, దీనికి పది నిమిషాలు చాలు. మీ ట్రిప్పు షీటులో ఆ పది నిమిషాలకు ఒక గడి పెట్టండి.

ఇప్పుడు నేను చేయగలిగింది చెబుతాను. మీ సంఘం మీటింగు ఏ ఊళ్లో పెట్టినా సరే, కడప అయినా, నంద్యాల అయినా, గుంతకల్లు అయినా నేను వస్తాను. నా షెడ్డులో పక్కన పెట్టుకున్న మాడిన డ్రమ్ములు, లైనర్లు తెస్తాను. స్లాక్ అడ్జస్టరు ఎలా చూసుకోవాలో మీ డ్రైవర్లకు, క్లీనర్లకు బండి కిందికి దూరి చూపిస్తాను. డబ్బు అక్కర్లేదు. ఘాట్‌లో ఉన్న బండికి ఫోను చేయం, ఎగ్జాస్ట్ బ్రేకు లేని బండిని ఘాట్ దారికి పంపం, ఈ రెండింటినీ ఆ మీటింగులో తీర్మానంగా రాసి ప్రతి ఆఫీసు గోడకు అంటించండి. మిగతావి ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

ఇట్లు,
కడపలో లారీల బ్రేకు పని చేసే ఒక మెకానిక్